తెల్లవారితే శుక్రవారం

కంప్యూటర్ చదువు పూర్తిచేసి ఉద్యోగాల్లో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో చెప్పడం మొదలుపెడితే వాళ్ళకి ఆవలింతలు వస్తాయి. నిజం చెప్పొద్దూ, నాకూ వస్తాయి. అందుకే అవన్నీ వదిలేసి, పని ఎలా ఉండేదో మాత్రం రాస్తున్నాను.

బెంజ్ సర్కిల్ దగ్గర మందుల షాపు పైన ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కింద హారన్ల మోత, పైన మేము. రిటైరయ్యేదాకా నేను చేసింది అక్కడే, చేసింది ఒకటే పని. స్క్రీన్ మీద మనిషికి కనపడేదీ, లోపల కంప్యూటర్ దాచుకున్నదీ ఎప్పుడూ ఒకటిగా ఉండేలా చూడటం.

ఇంతేనా అంటారు. ఇంతేనమ్మా. దీనికే నా జుట్టు నెరిసింది. అయినా హాయిగా చేశాను, హాయిగానే దిగిపోయాను.

బొమ్మకి జ్ఞాపకం ఉండకూడదు

స్క్రీన్ మీద గడి, బటన్, అంకె, ఇవన్నీ బొమ్మలు. అసలు విషయం లోపల వేరేచోట ఉంటుంది. దాన్నే మేం డేటా అంటాం. అసలు మారినప్పుడల్లా బొమ్మ మారాలి. బొమ్మ మీద మనిషి వేలు పెట్టి మారిస్తే అసలు మారాలి. చెప్పుకోవడానికి చాలా తేలిక. కానీ బద్ధకం కొద్దీ బొమ్మ దగ్గర కూడా ఓ కాపీ దాచుకుంటాం చూడండి, అక్కడ మొదలవుతుంది తంటా. కొన్నాళ్ళకి రెండు కాపీలూ రెండు మాటలు చెబుతాయి. ఏది నిజమో రాసినవాళ్ళకే తెలియదు.

నాకు ఇది పుస్తకంలో ఎవరూ నేర్పలేదు. సుబ్బారావు గారు నేర్పారు, అదీ కేకలేసి.

పటమట వైపు ఒక ఫంక్షన్ హాలుకి మేము బుకింగుల సాఫ్ట్‌వేర్ రాశాం. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, కూచిపూడి రంగప్రవేశాలు, పార్టీల మీటింగులు, అన్నీ ఆ హాల్లోనే. సుబ్బారావు గారు దానికి మేనేజరు. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు, మైకు అక్కర్లేని గొంతు. ఆయన స్క్రీన్ మీద నెల మొత్తం గళ్ళుగా కనపడుతుంది, రోజుకో గడి. ఖాళీ రోజు పచ్చగా ఉంటుంది, బుక్ అయిన రోజు ఎర్రగా.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత హాలు ఓనరు బందరు రోడ్డులో ఇంకో బుకింగ్ ఆఫీసు తెరిచారు. ఇక చూడండి! అక్కడ ఒక రోజు బుక్ చేస్తే ఇక్కడ సుబ్బారావు గారి స్క్రీన్ మీద అది పచ్చగానే ఉండేది. ఆయన స్క్రీన్ మూసి మళ్ళీ తెరిస్తే తప్ప ఎర్రబడేది కాదు.

"పచ్చగా ఉందని పెళ్ళివాళ్ళకి మాటిచ్చేశానండీ! తీరా చూస్తే అవతల ఎప్పుడో ఇచ్చేశారు. నా పరువు కాస్తా గంగలో కలిసింది" అని ఫోన్లో అరిచారు.

సరే అని, స్క్రీన్ దానంతటదే మాటిమాటికీ మొత్తం మళ్ళీ చదువుకునేలా పెట్టాం. దాన్నే రిఫ్రెష్ అంటారు. మర్నాడు మళ్ళీ ఫోను.

"భారతిగారూ, పెళ్ళికొడుకు పేరు సగం కొట్టేసరికి మాయమైపోతోందండీ! ఎవరన్నా చేతబడి చేశారా మీ కంప్యూటర్‌కి?"

నవ్వు ఆపుకోలేకపోయాను. తప్పు మాదే. మనిషి సగం రాసినది ఇంకా లోపలికి చేరలేదు. అది ఆ మనిషిది. పూర్తిచేసి పంపేదాకా దాన్ని ముట్టుకునే హక్కు మనకి లేదు. మారిన గడి ఒక్కటే మార్చాలి, పక్కన ఉన్నవాటి జోలికి పోకూడదు. రిఫ్రెష్ కొట్టేసి పని అయిందనుకునేవాళ్ళని నేను జీవితాంతం తిడుతూనే ఉన్నాను. ఇప్పుడూ తిడతాను. ఎక్కడ ఏం మారిందో తెలుసుకుని, అది చూపిస్తున్న స్క్రీన్లన్నిటికీ కబురు పంపడం చేతకాక వేసే ఎత్తు అది.

అదీ సరిచేశాం. రెండు ఆఫీసుల్లో రంగులు ఒకేసారి మారడం మొదలయ్యాక సుబ్బారావు గారు ఓనరుతో మా గురించి మంచిమాట చెప్పారట. మా బాస్ ప్రసాద్ గారు ఆఫీసులో అందరికీ పునుగులు తెప్పించారు. ఇక ఈ హాలు గొడవ అయిపోయిందనుకున్నాను.

రెండు పెళ్ళిళ్ళూ, ఒక స్టేజీ

ఒక సోమవారం పొద్దున్నే సుబ్బారావు గారి ఫోను. ఈసారి గొంతు చిన్నగా ఉంది. 

"మీరొకసారి రావాలండీ. ఇద్దరు డెకరేషన్ వాళ్ళు వచ్చి స్టేజీ కొలుస్తున్నారు. గురువారం పెళ్ళివాళ్ళ తాలూకు ఒకరు, శుక్రవారం పెళ్ళివాళ్ళ తాలూకు ఒకరు. ఇద్దరూ శుక్రవారం పొద్దున హాలు మాదే అంటున్నారు."

పరుగున వెళ్ళాను. మొదట అనుమానించింది స్క్రీన్‌నే. రంగు మారడం ఎక్కడో తప్పిపోయి ఉంటుంది అనుకున్నాను. హాల్లో స్క్రీన్ చూశాను. బందరు రోడ్డు ఆఫీసుకి ఫోన్ చేసి అక్కడ ఏముందో చదివించాను. లోపలి డేటా చూశాను. గురువారం ఒకరికి, శుక్రవారం ఇంకొకరికి. మూడుచోట్లా ఒకటే మాట. ఎక్కడా తేడా లేదు. అదే నన్ను భయపెట్టింది.

"గురువారం వాళ్ళ ముహూర్తం ఎప్పుడండీ?" అని అడిగాను.

"రాత్రి రెండున్నర దాటాకండీ. గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం."

అప్పుడు అర్థమైంది. మన ఇళ్ళలో రోజు తెల్లవారితే మొదలై మళ్ళీ తెల్లవారేదాకా నడుస్తుంది. కంప్యూటర్‌కి అర్ధరాత్రి పన్నెండు కొడితే గురువారం చచ్చిపోతుంది. పెళ్ళి పీటల మీద ఉండగానే మా సాఫ్ట్‌వేర్ ఆ పెళ్ళివాళ్ళని బయటికి గెంటేసి, శుక్రవారం గడిని ముచ్చటగా పచ్చరంగులో చూపించింది. బందరు రోడ్డు ఆఫీసులో కూర్చున్న అమ్మాయి ఆ పచ్చ చూసి ఇంకో పెళ్ళికి ఇచ్చేసింది. ఆమె చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పనే.

"ఇన్నాళ్ళూ ఇలా ఎందుకు జరగలేదండీ?" అన్నాను.

"అప్పుడు బుకింగులన్నీ నా దగ్గరే కదండీ. రాత్రి ముహూర్తం ఉంటే మర్నాడు పొద్దుటి వాళ్ళని నేనే తిప్పి పంపేసేవాణ్ణి."

"ఆ మాట మాకు చెప్పొద్దూ?"

"అడిగారా మీరు? రాత్రి పెళ్ళంటే మర్నాడు పొద్దెక్కేదాకా అని చిన్నపిల్లలకి కూడా తెలుసు. మీ కంప్యూటర్‌కి తెలియదని నాకేం తెలుసండీ?"

ఒళ్ళు మండింది. కానీ ఆయన అన్నది నిజమే. ఇన్నేళ్ళూ నేను బొమ్మనీ డేటానీ కలపడమే పని అనుకున్నాను. అవి రెండూ చక్కగా కలిసే ఉన్నాయి. రెండూ కలిసి మనుషులని వదిలేసి పోయాయి. ఆ డేటా ఎలా ఉండాలో గీసుకున్న రోజున మా ఆఫీసులో అందరం పెళ్ళిళ్ళయినవాళ్ళమే. ఒక్కరికీ తట్టలేదు.

శుక్రవారం పెళ్ళికూతురి పేరు ఎస్తేరు. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, కృష్ణలంకలో ఉంటారు. వాళ్ళ పెళ్ళి ఆరాధన, భోజనాలు రెండూ ఈ హాల్లోనే, మధ్యాహ్నం పన్నెండింటికి. కార్డులు పంచేశారు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు అవనిగడ్డ నుంచి బస్సు మాట్లాడుకున్నారు. ముహూర్తాల రోజులు కాబట్టి ఊళ్ళో ఇంకో హాలు దొరికే ఆశ లేదు. ఉంటే ఈ హాలు, లేకపోతే ఆ పిల్ల పెళ్ళి లేదు.

ప్రసాద్ గారు చాలా విషయాల్లో మంచి బాసు. క్లయింటు ముందు మమ్మల్ని ఎప్పుడూ చిన్నబుచ్చలేదు. కానీ గొడవంటే ఆయనకి హడలు.

"ఎవరి బుకింగ్ ముందు పడిందో ప్రింటు తీసి హాలువాళ్ళ చేతిలో పెట్టండి భారతిగారూ. వెనక వచ్చినవాళ్ళు తప్పుకుంటారు. మనకెందుకొచ్చిన తద్దినం?"

"వెనక వచ్చింది ఎస్తేరు వాళ్ళండీ. వాళ్ళు పచ్చగా ఉంటేనే కదా బుక్ చేసుకున్నారు. ఆ పచ్చరంగు వేసింది మనమే. ఇప్పుడు మళ్ళీ అదే కంప్యూటర్ చేత వాళ్ళ మీద సాక్ష్యం చెప్పిస్తామా? నా వల్ల కాదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మరేం చేద్దామంటారు?"

"నాకూ తెలియదండీ. ముందు వాళ్ళిద్దర్నీ ఒకచోట కూర్చోబెడదాం."

ఆటోనగర్‌లో

గురువారం పెళ్ళికూతురి తండ్రి కోటేశ్వరరావు గారు. ఆయనకి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. నేనూ సుబ్బారావు గారూ వెళ్ళేసరికి వెల్డింగ్ నిప్పురవ్వల మధ్య నిలబడి ఎవరినో తిడుతున్నారు. మా సంగతి విన్నాక తిట్లు మా వైపు తిరిగాయి.

"ఏంటండీ, నా కూతురి పెళ్ళికి మీరు టైము పెడతారా? పంతులుగారు పెట్టింది చాల్లేదా?"

ఎస్తేరు తనే వస్తానని పట్టుబట్టి వచ్చింది. డ్యూటీ నుంచి సరాసరి వచ్చినట్టుంది, మొహం వడిలిపోయి ఉంది. ముందుకొచ్చి నమస్కారం పెట్టింది.

"అంకుల్, మిమ్మల్ని తొందరగా ఖాళీ చెయ్యమనడానికి రాలేదండీ. నిజంగా ఎన్నింటికి వదలగలరో చెప్పండి చాలు. దాన్నిబట్టి మా పాస్టర్ గారిని బతిమాలుకుంటాను. నా మనసు కోసం ఊరికే తొమ్మిదని మాత్రం చెప్పకండి. అలా చెప్తే మా వాళ్ళంతా వచ్చి రోడ్డు మీద నిలబడాలి."

ఆయన ఆమె వంక చూసి వెల్డింగ్ ఆపమన్నారు. స్టూలు తెప్పించి కూర్చోబెట్టారు.

"నిజం చెప్పమంటే ఏం చెప్పనమ్మా? తాళి కట్టేదాకా పంతులుగారి చేతిలో పని. ఆపైన అప్పగింతలు. అక్కడ మా ఆవిడ ఏడుపు మొదలెట్టిందంటే ఆపడం ఆ దేవుడి తరం కూడా కాదు." తల గోక్కుని, "నా సంగతీ అంతేలే" అన్నారు.

ఎస్తేరు నవ్వేసింది. ఆయనా నవ్వారు. 

పొద్దున్నంతా పట్టేది మండపం విప్పడానికేనని సుబ్బారావు గారు అన్నారు. కోటేశ్వరరావు గారు ఆ మాట కొట్టిపారేశారు. "లారీ బాడీలు ఎక్కించి దించేవాణ్ణండీ నేను. మండపం ఒక లెక్కా? నా షెడ్డులోనే ఫ్రేము కట్టి కింద చక్రాలు పెడతాను. పని కాగానే తోసుకుంటూ తీసుకుపోవడమే."

"స్టేజీ మీద గీతలు పడతాయండీ!"

"రబ్బరు చక్రాలండీ బాబూ!"

పదకొండింటికల్లా హాలు ఇచ్చెయ్యడానికి ప్రయత్నిస్తానని ఆయన, ఆరాధన రెండింటికి మార్పిస్తానని ఎస్తేరు ఒప్పుకున్నారు. కానీ ప్రయత్నిస్తానన్న మాట చూసుకుని పూలవ్యానూ అవనిగడ్డ బస్సూ ఎప్పుడు బయలుదేరాలి? హాలు చేతికి వచ్చిందో లేదో ఆ పిల్లకి ఎవరో ఒకరు నిజం చెప్పాలి. అది మా పని.

గడియారానికి ఏం తెలుసు

ఆ మూడు రోజులూ ఆఫీసులో ఎవరం సరిగ్గా తిండి తినలేదు. రోజుకో గడి అన్నదే తీసేశాం. ఒక్కో పెళ్ళికీ, లైట్లు వేసిన దగ్గర్నుంచి తాళాలు తిరిగి ఇచ్చేదాకా ఒకటే పట్టీ. అర్ధరాత్రి దగ్గర తెగకుండా గురువారంలోంచి శుక్రవారంలోకి సాగిపోతుంది.

డేటా రూపం మారిందంటే దాన్ని నమ్ముకున్న ప్రతి స్క్రీనూ మారాలి. నెల క్యాలెండరు, వంటవాళ్ళకి పంపే వివరాలు, జనరేటర్ వాడకం, అన్నీ. కొత్తవాళ్ళు ఎదురుగా కనపడే స్క్రీన్ ఒకటి సరిచేసి చేతులు దులుపుకుంటారు. మూలన ఎవరూ తెరవని స్క్రీన్ ఒకటి పాత లెక్కలోనే ఉండిపోయి, ఏ పండగ రోజునో నిండా ముంచుతుంది. అందుకని మూలనున్నవాటితోనే మొదలుపెట్టాను.

ఇద్దరు పెళ్ళివాళ్ళ ఫోన్లలోనూ హాలు సంగతి కనపడేలా ఒక పేజీ కూడా పెట్టాం. ఎర్రగా ఉంటే హాల్లో ఇంకా మనుషులున్నట్టు. పచ్చబడితే రావచ్చు. నెట్ పోతే పాత రంగు చూపించకుండా బూడిద రంగులోకి మారి 'తెలియదు' అని చెబుతుంది.

అది చూసి ప్రసాద్ గారు అన్నారు, "పదకొండు కాగానే దానంతటది పచ్చబడేలా పెట్టండి. హాలువాళ్ళకి నచ్చుతుంది."

"పదకొండుకి ఆయన కూతుర్ని కారెక్కించకపోతేనో?"

"ఎక్కిస్తానన్నారుగా."

"ప్రయత్నిస్తానన్నారండీ. గడియారానికి ఏం తెలుసు, హాల్లో ఎవరు ఏడుస్తున్నారో? హాలు వదిలే మనిషి స్వయంగా చెప్పేదాకా రంగు మారకూడదు."

హాలు ఆఫీసు స్క్రీన్ మీద 'తాళాలు ఇచ్చేశాం' అని ఒక బటన్ పెట్టాను. అది వదిలివెళ్ళేవాళ్ళే నొక్కాలి. సుబ్బారావు గారి చేతికి ఇవ్వనన్నాను. రాబోయేవాళ్ళని మెప్పించడానికి ఆయన ముందే నొక్కేస్తారని నాకు తెలుసు. ప్రసాద్ గారు కాసేపు వాదించి, "మీరూ మీ మొండితనమూనూ" అని వెళ్ళిపోయారు. ఆయనలో నాకు నచ్చే గుణం అదే. ఓడిపోయాక అలగరు.

పెళ్ళి రోజు

శుక్రవారం పొద్దెక్కాక హాలుకి వెళ్ళి ఆఫీసు గదిలో స్క్రీన్ ముందు కూర్చున్నాను. బయట అప్పగింతలు జరుగుతున్నాయి. ఆ తల్లి కూతుర్ని వాటేసుకుని వదలడం లేదు. పదకొండు దాటిపోయింది. స్క్రీన్ ఎర్రగానే ఉంది.

ఎస్తేరు ఫోన్ చేసింది. "ఆంటీ, ఎర్రగానే ఉందండీ. వాళ్ళు వెళ్ళిపోయి నొక్కడం మర్చిపోయారా?"

"లేదమ్మా. వాళ్ళు ఇంకా ఇక్కడే ఉన్నారు."

"ఎంతసేపు పడుతుందండీ?"

"తెలియదు తల్లీ."

"సరే ఆంటీ. తెలియదంటే తెలియదన్నారు, అదే నయం. పూలవ్యాను ఆపి ఉంచుతాను" అంది.

సుబ్బారావు గారు గదిలో అటూ ఇటూ తిరుగుతున్నారు. "నొక్కెయ్యండి భారతిగారూ, వ్యాను వచ్చేలోపు వీళ్ళు ఎలాగూ వెళ్ళిపోతారు."

"వెళ్ళకపోతే ఏడుస్తున్న పెళ్ళికూతురి ముందు ఇంకో పెళ్ళివాళ్ళు పూలబుట్టలు దింపాలి. అది చూస్తారా మీరు?" అని మౌసు ఆయనకి అందకుండా ఇటు లాక్కున్నాను.

ఎట్టకేలకు కారు గేటు దాటింది. షెడ్డు కుర్రాళ్ళు మండపాన్ని తోసుకుంటూ బయటికి తీసుకొచ్చారు. స్టేజీ మీద ఒక్క గీత పడలేదు. కాసేపటికి కోటేశ్వరరావు గారు ఆఫీసు గదిలోకి వచ్చారు. పట్టుపంచె నలిగిపోయింది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఎక్కడ నొక్కాలండీ?"

చూపించాను. మౌసు మీద వేలు పెట్టి ఆగిపోయారు.

"ఒక్క నిమిషం. స్టేజీ మెట్ల దగ్గర ఏదో మేకు లేచి ఉందండీ. మా అమ్మాయి దిగుతుంటే చీర తగులుకుని ఇంత పొడుగు చిరిగింది."

"వాళ్ళకి ఫోన్ చేసి చెప్తానండీ."

"చెప్తే సరిపోతుందా? పెళ్ళికూతురు మెట్లు చూసుకుని నడుస్తుందా ఎక్కడన్నా?"

కుర్రాళ్ళ సంచీలోంచి సుత్తి తీసుకుని తనే వెళ్ళారు. గది కిటికీలోంచి చూస్తున్నాను. పట్టుపంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టి నేల మీద కూర్చుని ఆ మేకుని లోపలికి దిగగొట్టారు. తర్వాత అరచేత్తో ఒక్కొక్క మెట్టూ నిమిరారు. ఇంకోచోట ఏదో తగిలినట్టుంది, అక్కడా రెండు దెబ్బలు వేశారు. స్క్రీన్ ఇంకా ఎర్రగానే ఉంది. సుబ్బారావు గారు కూడా కిటికీ దగ్గరికి వచ్చారు.

ఆయన తిరిగి వచ్చి సుత్తి బల్ల మీద పెట్టి బటన్ నొక్కారు. గడి పచ్చబడింది. వెంటనే నా ఫోను మోగింది.

"ఆంటీ, పచ్చబడింది! వచ్చెయ్యమంటారా?"

నేను నోరు తెరిచేలోపు కోటేశ్వరరావు గారు ఫోను దగ్గరికి వంగారు.

"వచ్చెయ్ తల్లీ. మెట్లన్నీ చేత్తో తడిమి చూశాను."